నూకాలు రోలు, తాబేలు ఓడ

రండర్రా, ముందుకు జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నవాళ్లు కూడా రండి, గోడ ఎక్కడికీ పోదు. కాళ్లు ముడుచుకోండి. ఊఁ కొట్టేవాళ్లు గట్టిగా కొట్టాలి సుమా.

అనగనగా అంటే ఎప్పుడో కాదు, మీ తాతల తాతలు ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, సముద్రపు ఒడ్డున కొమ్మరేవు అనే ఊరు ఉండేది. ఊరి వెనక నల్లరాతి కొండ. ఆ కొండ కింద నూకాలు అనే ఆవిడ రోళ్లు చెక్కేది. తండ్రి నేర్పిన పని. ఆమె రోట్లో పప్పు రుబ్బితే వెన్నలా వస్తుందని చుట్టుపక్కల పేరు.

పేరుంది గాని బేరం లేదు. ఎందుకో చెప్పండి? రోలు అరగదు, విరగదు. ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనడు. వాడి కొడుకూ కొనడు, మనవడూ కొనడు. అందుకని నూకాలు పెరట్లో అరవై రోళ్లు వానకు తడుస్తూ, ఎండకు ఎండుతూ, పని లేని అల్లుళ్లలాగా వరసగా కూర్చుని ఉండేవి.

నూకాలుకు ఒక అక్క, పేరు సింహాలు. సముద్రం అవతల ముత్యాలదీవిలో కాపురం. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పదహారేళ్లయింది. ఒక అమావాస్య నాడు ఓడవాళ్ల చేత అక్క కబురు పంపింది. "నా కూతురి పెళ్లి. పున్నమి నాడు పసుపు దంచాలి. ఈ దీవిలో ఎటు చూసినా ఇసుకే. అందరివీ కొయ్యరోళ్లే. మన నాన్న కొండ రాతిలోనే నా బిడ్డ పసుపు దంచాలమ్మా. రోలు తీసుకుని నువ్వే రా."

నూకాలు పుట్టి బుద్ధెరిగి ఓడ ఎక్కలేదు. ముంత బోర్లిస్తే తొమ్మిది వెండి రూకలు వచ్చాయి. అవి కొంగున కట్టి, పెరట్లో అన్నిటికంటే నునుపైన రోలు బండిలో వేసుకుని, మర్నాడే రేవుకు బయల్దేరింది.

దారిలో గాజుల బసవయ్య తోడయ్యాడు. దీవిలో పెళ్లిళ్ల కాలమట, గాజులు అమ్ముకుందామని ఆయనా మొదటిసారే ఓడ ఎక్కబోతున్నాడు. ఆయన దగ్గర పది రూకలు, ఒక గాజుల పెట్టె.

ఆ రేవులో అలలు ఎత్తుగా లేస్తాయి. అందుకని ఓడలు ఒడ్డుకు రావు, దూరంగా నిలుస్తాయి. జనం చిన్న పడవల్లో వాటి దగ్గరికి పోవాలి. ఆ రోజు దీవికి పోయే ఓడలు మూడు ఉన్నాయి.

మొదటిది నెమలి ఓడ. ముక్కున నెమలి బొమ్మ, తెరచాపకు రంగులు. దాని గుమాస్తా ఒడ్డున బల్ల వేసుకుని, దీవికి నాలుగే రూకలని కేకలు పెడుతున్నాడు. జనం తోసుకుంటున్నారు. బసవయ్య అందరికంటే ముందు దూరి నాలుగు రూకలు కట్టి, గెలిచినవాడిలా మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

నూకాలు బల్ల దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడిగింది.

"మా గడప నుంచి మా అక్క గడప దాకా ఎంత, బాబూ?"

గుమాస్తా నవ్వాడు, బసవయ్యా నవ్వాడు. "ఓడను మీ వాకిట్లోకి తోలుకొస్తారా ఏమిటి నూకాలూ? ధర చెప్పారుగా" అన్నాడు బసవయ్య.

నూకాలు నొచ్చుకోలేదు. రోలు అమ్మేటప్పుడు ఆమె పద్ధతి అది. బండి కూలీ, దింపుడు కూలీ అన్నీ కలిపి, కొన్నవాడి గడప దగ్గరి ధర ఒక్కటే చెప్పేది. తర్వాత మాట పెరగదు, మనసు విరగదు. అందుకని వదలకుండా అడిగింది. గుమాస్తా నసుగుతూ ఒక్కొక్కటే బయటపెట్టాడు. ఓడ దాకా పడవకు ఒక రూక. తాగే నీళ్లకు రెండు. నీడన కూర్చుంటే ఒకటి. అక్కడ దిగే పడవకు రెండు. రోలుకు మూడు.

నూకాలు వేళ్లు ముడిచి చూసుకుంది. నాలుగు రూకల ఓడ పదమూడు అయింది. దండం పెట్టి ఇవతలికి వచ్చేసింది.

రెండోది ఏనుగు ఓడ. అక్కడ పన్నెండు రూకలు, అన్నీ అందులోనే. నేతి భోజనం, పట్టు దిండు, పూటపూటకూ సన్నాయి. నూకాలు ఆ మాటే అడిగి, ఏ రోజుకు చేరుస్తారని కూడా అడిగింది. మధ్యలో మూడు రేవులు చూపించి, పున్నమి దాటిన ఐదో నాటికి చేరుస్తామన్నారు. పసుపు దంచడం అయిపోయాక సన్నాయి వింటూ పోయి ఏం లాభం?

మూడోది తాబేలు ఓడ. బొమ్మా లేదు, రంగూ లేదు. దాని సరంగు మస్తాను అనే పెద్దమనిషి. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. పడవలు, నీళ్లు, నీడ అన్నీ కలిపి మనిషికి ఎనిమిది, రోలుకు రెండు. చవితి నాడు కదిలితే త్రయోదశికి దీవి.

అంటే పది రూకలు. కొంగున ఉన్నవి తొమ్మిది.

నూకాలు ఇసుకలో కూలబడింది. రోలు వదిలేస్తే తాను పోవచ్చు. రోలు లేకుండా ఏ మొహంతో పోతుంది? ఒక్క రూక కోసం పదహారేళ్ల ఎడబాటు పదిహేడేళ్లు అయ్యేలా ఉంది.

ఏడుపు వచ్చేదే. కాని కంటి ముందు ఒక వింత కనబడితే ఏడుపు ఆగుతుంది కదా. కూలీలు తట్టలతో ఇసుక ఎత్తి పడవల్లో పోస్తున్నారు. పడవలు ఆ ఇసుకను తాబేలు ఓడకే చేరవేస్తున్నాయి.

"ఇసుక దీవికి ఇసుక మోసుకెళ్తున్నారేమిటి, సరంగన్నా?"

మస్తాను చెప్పాడు, ఓడ నిండా దూది బేళ్లేనని. దూది తేలిక. అడుగున బరువు లేకపోతే గాలికి ఓడ పక్కకు ఒరుగుతుంది. అందుకని ఇసుక. ఇక్కడ పోయించడానికి కూలీ, అక్కడ తోడించడానికి కూలీ. పైగా తడిస్తే ఇసుక ఒక పక్కకు జారిపోతుంది. ప్రతి ప్రయాణంలోనూ ఇదే తలనొప్పి.

నూకాలు లేచి కొంగు దులుపుకుంది.

"అన్నా, నా పెరట్లో ఇంకా యాభై తొమ్మిది రోళ్లున్నాయి. అడుగు చదును. కూర్చోబెట్టిన చోటు నుంచి కదలవు. ఇసుక కూలీతో వాటిని ఎక్కించి, అక్కడ మా అక్క గడప దగ్గర దింపించు. ఇసుక నువ్వు పారబోయాల్సిందే, రోళ్లు నేను అమ్ముకుంటాను. నీకు బరువు కావాలి, నాకు చోటు కావాలి. ఇక నా కేవు, అదే ఓడ కిరాయి, ఎంతో నువ్వే చెప్పు."

మస్తాను లెక్క వేసుకున్నాడు. ఒకసారి సముద్రం వైపు, ఒకసారి ఆమె రోలు వైపు చూశాడు. తర్వాత గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "ముప్పై ఏళ్లుగా ఇసుక మోస్తున్నాను చెల్లీ. ఈ మాట ఒక్కడూ చెప్పలేదు. నువ్వు రూక ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

నెమలి ఓడ విదియ నాడే రెక్క విప్పింది. తాబేలు ఓడ చవితి నాడు, కడుపులో అరవై రోళ్లతో కదిలింది. రాళ్లు మోసే ఓడ అంటూ నావికులు మొదట ఎగతాళి చేశారు. ఏడో రోజు పెనుగాలి లేచింది. ఓడ ఒరిగింది, మళ్లీ ఒరిగింది, మూడోసారి ఇంకాస్త ఒరిగింది. ఒరిగినప్పుడల్లా అడుగునున్న బరువు దాన్ని పట్టి నిలబెట్టింది. ఒక్క రోలూ కదల్లేదు. గాలి తగ్గాక నావికులు కిందికి దిగి రోళ్లకు దండం పెట్టుకున్నారు.

త్రయోదశి పొద్దున దీవి కనబడింది. రేవులో నెమలి ఓడ ఉంది. అంచున బసవయ్య, పెట్టె మీద కూర్చుని ఒడ్డు వైపు చూస్తున్నాడు. పాపం, పడవకు, నీళ్లకు, నీడకు, పెట్టెకు కలిపి ఉన్న పది రూకలూ ఊడ్చుకుపోయాయి. దిగడానికి పడవకు రెండు రూకలు లేవు. పడవవాళ్లకు గాజులిస్తానంటే, మేం తొడుక్కుంటామా అని నవ్వి పోయారట. రెండు రోజులుగా ఎదురుగా ఒడ్డు, మధ్యలో నీళ్లు.

నూకాలు కొంగు విప్పి రెండు రూకలిచ్చి ఆయన్ని దింపించింది.

"నీకెంత పడింది, నూకాలూ?" అన్నాడు బసవయ్య తలొంచుకుని.

"నీ పడవకే బాబాయ్, రెండు రూకలు."

ఒడ్డున సింహాలు నిలబడి ఉంది. అక్కాచెల్లెళ్లు కౌగిలించుకుని ఏడ్చిన ఏడుపుకు సముద్రం ఇంకాస్త ఉప్పగా అయ్యిందంటారు. పున్నమి నాడు నాన్న కొండ రాతిలో పసుపు కొమ్ములు పడ్డాయి. కొయ్యరోట్లో పూటంతా పట్టే పని గడియలో అయిపోయింది. చూసిన ఆడవాళ్లు ఊరుకుంటారా? మూడు రోజుల్లో యాభై తొమ్మిది రోళ్లూ అమ్ముడయ్యాయి, గడప దగ్గరి ధరకే. కొమ్మరేవులో ఎవరికీ అక్కర్లేని రాయి ఆ దీవిలో ముత్యమంత విలువ చేసింది. ఆ తర్వాత మస్తాను ఓడ ఇసుక మోసిన పాపాన పోలేదు.

అదర్రా కథ. ఇక లేవండి. ఇళ్లకు పోయి కాళ్లు కడుక్కుని వేడన్నం తినండి. పచ్చడి నంజుకునేటప్పుడు అది నూరిన రోలును ఒకసారి తలుచుకోండి. దారిలో ఈ మాట మాత్రం మరిచిపోకండి: ధర అడిగితే గడప నుంచి గడప దాకా అడగాలి, మన బరువు ఎవరికి అక్కరో కనుక్కుంటే, ఆ బరువే మనల్ని ఒడ్డుకు చేరుస్తుంది.