చిరుతదొర అడిగిన డ్రా

ఎండాకాలం వచ్చేసరికి నల్లగుట్ట అడవిలో వాగంతా ఎండిపోయి ఒక్క చెలమ మిగులుతుంది. ముందు వచ్చినవాళ్ళకు నీళ్ళు, వెనక వచ్చినవాళ్ళకు బురద. ముందెవరు తాగాలన్న గొడవలో ఏటా కొమ్ములు విరిగేవి, తోకలు తెగేవి. చివరికి అందరూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. చదరంగం పోటీ పెడదాం, గెలిచినవాడి జాతి ఆ ఎండాకాలమంతా ముందు తాగాలి.

అప్పట్నుంచీ చిరుతదొరే గెలుస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగంమంది ఆయన కోరలు చూసి ఎత్తులు మరిచిపోయేవారు. మిగతా సగం గుర్తున్నా మరిచిపోయినట్టు ఆడేవారు.

ఈసారి ఆఖరి ఆటకు ఆయన ముందు కూర్చున్నది మేకపోతు సింగన్న. గడ్డం తప్ప పెద్దరికం ఏమీ లేనివాడు. ఆలోచనలో పడితే నోరు ఊరుకోదు. కుందేలుతో ఆడినప్పుడు గెలుచుకున్న బంటును నమిలేశాడు కూడా. అయినా ఒక్క ఆటా ఓడకుండా ఇక్కడిదాకా వచ్చాడు. దొర అర పాయింటు ముందున్నాడు. ఆట డ్రా అయినా చెలమ చిరుతలదే. సింగన్న గెలిస్తేనే మేకలది.

బండ మీద గళ్ళు గీసి ఆట మొదలుపెట్టారు. దొర పావుల్ని చూడకుండా జనాన్ని చూస్తూ ఎత్తులు వేశాడు. సింగన్న గుర్రం మెల్లగా వెళ్ళి దొరగారి రాజుకూ మంత్రికీ ఒకేసారి గురిపెట్టింది. రాజును తప్పించక తప్పదు. మంత్రి పోయింది.

దొర నీళ్ళు తాగే వంకతో లేచాడు. ఆకుదొన్నె పట్టుకుని నక్క సిద్ధంగా ఉంది.

"ఇప్పుడేం చేస్తారు దొరా?"

"ఏముంది, మీదపడి కొరికేస్తాను."

"తీర్పరి తాబేలు చూస్తోంది. కొరికితే చెలమ పోతుంది. బండ మీద ఇక మీకేమీ మిగల్లేదు. బండ అవతల ఎవరు కూర్చున్నారో చూడండి. వాడు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మీ జాతివాళ్ళెవరూ వాణ్ణి పేరుపెట్టి పిలవలేదు. మీరు పిలవండి."

"నేను, ఆ మేకనా?"

"ఒక్క పూటే కదా దొరా."

ఇటు సింగన్న బండ మీది పావుల్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాడు. మంత్రి ఎక్కువున్నంత మాత్రాన ఆట అయిపోదు. ఏనుగుల్ని మార్చుకోవాలి, బంట్లను కాచుకోవాలి, అవతలి రాజును మూలకు నెట్టాలి. మధ్యలో ఎక్కడైనా తప్పటడుగు వేస్తే? గెలుస్తున్నానన్న సంతోషం కన్నా, ఇంత చేసి ఓడిపోతే నవ్వుతారన్న భయమే పెద్దదైంది.

దొర వచ్చి కూర్చున్నాడు. కోరలు లోపల పెట్టుకుని నవ్వాడు.

"సింగన్నా, నీలాంటి ఆటగాణ్ణి నేను చూడలేదు. ఎవరెక్కువ, ఎవరు తక్కువ? మనిద్దరం సమానం. డ్రా అనుకుందామా?"

సింగన్న చెవులు రెండూ పైకి లేచాయి. దొర తన పేరు పలికాడు, అదీ అందరి ముందు.

"నిదానంగా ఆలోచించుకుని చెప్పు," అంది తాబేలు. ఆ మాట కాస్త గట్టిగానే అంది.

జనంలోంచి సింగన్న పెళ్ళాం ఎర్రమ్మ కాలితో నేలను దబదబా తన్నింది. అది సంతోషం పట్టలేక చేస్తోందనుకున్నాడు సింగన్న.

"అంతటివారు నోరు తెరిచి అడిగాక కాదంటే ఏం మర్యాద?" అంటూ గిట్ట చాపాడు. దొర పంజా కలిపాడు. ఆట ముగిసింది.

సింగన్న గడ్డం ఊపుకుంటూ మంద దగ్గరికి వచ్చాడు.

"గెలిచావా?" అంది ఎర్రమ్మ.

"అంతకన్నా గొప్ప. దొర నన్ను సమానమన్నాడు."

"నీ దగ్గర మంత్రి ఉంది. ఆయన దగ్గర లేదు. సమానం ఎట్లా అయ్యావు?"

సింగన్న ఏదో నములుతున్నట్టు నోరాడించాడు. లోపల ఏమీ లేదు.

"చేతిదాకా వచ్చింది నోటిదాకా రానివ్వలేదు కదయ్యా," అంది ఒక ముసలి మేక.

మర్నాడు చెలమ దగ్గర చిరుతలు తీరిగ్గా తాగి, మిగిలిన నీళ్ళలో కాళ్ళు కడుక్కుంటున్నాయి. మేకలు ఎండలో నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. తనకు పరిచయముంది కదా అని సింగన్న ముందుకు వెళ్ళాడు.

"దొరా, నేను సింగన్నని."

దొర తల తిప్పకుండా నక్కను అడిగాడు. "ఏ సింగన్న?"

"మేకల్లో ఎవడో దొరా," అంది నక్క. సింగన్న వైపు తిరిగి, "వెనక్కెళ్ళు, నీ నీడ నీళ్ళ మీద పడుతోంది," అంది.

నీతి: ఓడిపోతున్నవాడు 'మనిద్దరం సమానం' అన్నాడంటే, నిన్ను కిందికి దిగమంటున్నాడని అర్థం.