వంకర గీతల వైద్యం

సింగప్పాలెంలో తాపీ మేస్త్రి జోగారావు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఏడు మండలాల్లో లేరు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, వాళ్ళే అనుకున్నది. ఆ ఇంట్లో బుర్రలు ఎంత పదునంటే, ఏడాదికి రెండేసి తలగడలు చిరిగిపోయేవి. జోగారావు ఒక ఎత్తు, భార్య నరసాయమ్మ రెండెత్తులు. ఆవిడ తమ్ముడు వీర్రాజు వచ్చి చేరాక ఇంక కొలవడం మానేశారు.

అలాంటి జోగారావుకి ఓ రోజు గుండు కట్టిన దారం పాములా మెలికలు తిరిగి కనిపించింది. గోడ తిన్నగా లేచిందో లేదో చెప్పేదే ఆ దారం. అదే వంకరైతే మేస్త్రికి పనెవరిస్తారు? ఇంకేముంది, ముగ్గురూ పట్నంలో కంటాసుపత్రికి పరిగెత్తారు.

డాక్టరమ్మ చూసింది. "షుగర్ వల్ల కుడికంటి వెనక పొరలో నీరు చేరి వాచింది. కంట్లోకి సూదిమందు ఇవ్వాలి. ఆలస్యం చేస్తే పోయిన చూపు మళ్ళీ రాదు" అంది. గళ్ళ కాగితం ఒకటి చేతికిచ్చి, "రోజూ ఎడంకన్ను మూసుకుని ఇది చూడు. గీతలు ఇంకా వంకరపోతే ఆ రోజే రా" అంది.

కంట్లో సూది అనేసరికి జోగారావు, "రేపొస్తానమ్మా" అని లేచాడు. అంతే, ఇంటికొచ్చి పడ్డాడు.

"నీరు చేరితే ఆరబెట్టాలి గానీ పొడవడమేంటి బావా" అన్నాడు వీర్రాజు. మేడమీద వడియాల పక్కన బావని వెల్లకిలా పడుకోబెట్టారు. సాయంత్రానికి వడియాలు ఆరాయి, బావ ఆరలేదు.

"తిరగెయ్యడం మర్చిపోయాంరా" అంది నరసాయమ్మ.

మర్నాడు బోర్లా పడుకోబెట్టారు. వీపు పెనంలా కాలింది, దారం మాత్రం పాములాగే ఉంది.

లాభం లేదని వీర్రాజు పట్నం వెళ్ళి మందుల షాపాయన్ని అడిగాడు. ఆయనకి చెప్పడం సరదా. "ఈ మందుల మార్కెట్ భలే మారిపోతోందోయ్. మొదట్లో నెలనెలా సూది, ఏడాదికి పన్నెండు. తర్వాత ఆరుతో సరిపెట్టే మందొచ్చింది. ఇప్పుడు మూడు చాలంటున్నారు. కంపెనీలన్నీ అటే పరిగెడుతున్నాయి."

వీర్రాజు రెక్కలు కట్టుకుని వాలాడు. "బావా, పన్నెండు ఆరైంది, ఆరు మూడైంది. కాస్త ఓపిక పడితే సూదే ఉండదు. ఇప్పుడు పొడిపించుకున్నవాడే వెర్రివాడు."

"ఈలోగా కన్ను పోతేనో?" అన్నాడు జోగారావు.

"కంపెనీలన్నీ నీకోసం పరిగెడుతుంటే రెణ్ణెల్లు కూర్చోలేవా?" అంది నరసాయమ్మ.

కూర్చున్నాడు. కాగితం మీద గీతలు రోజురోజుకీ వంగాయి. జోగారావు తాపీని అటకెక్కించాడు. "ఇంక మళ్ళీ గోడ కట్టనేమో" అని గొణిగాడు. అది విని వీర్రాజు పెన్సిలందుకున్నాడు. కొత్త కాగితం తీసి, బావకి ఎటు వంగి కనబడితే దానికి ఎదురుగా వంచి గీతలు గీశాడు. మూడు రోజులు పట్టింది.

"ఇప్పుడో?"

"తిన్నగా ఉన్నాయిరా. కన్ను బాగైపోయింది."

ఇంకేముంది, డాక్టరమ్మకి శుభవార్త చెప్పడానికి కాగితంతో సహా వెళ్ళారు. ఆవిడ కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఎవరు గీశారిది?"

"నేనేనండి. బావ కంటికి సరిపడా కొలత తీసి గీశాను" అన్నాడు వీర్రాజు.

ఆవిడ కాగితం పక్కన పడేసింది. జోగారావు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది, కంటికి మత్తుచుక్కలు వేసింది, సూది ఇచ్చి కట్టు కట్టేసింది. జోగారావు అరుద్దామని నోరు తెరిచేలోపే అయిపోయింది. "సమయానికి దొరికావు. చూపు నిలబడుతుంది. ఇది కొత్త మందు, నాలుగు నెలలు పనిచేస్తుంది. రేపు కట్టు విప్పెయ్యి, నాలుగు నెలలకి మళ్ళీ రా."

బస్సులో వీర్రాజు ఆలోచించాడు. "బావా, కన్ను తెరిచి చూస్తుంటేనే కదా నాలుగు నెలలు? మూసి ఉంచితే మందు ఎక్కడికి పోతుంది?"

నరసాయమ్మ తమ్ముడి తల నిమిరింది. జోగారావు కట్టు మీద ఇంకో కట్టు కట్టించుకున్నాడు.

నాలుగు నెలలకి వెళ్ళారు. డాక్టరమ్మ రెండు కట్లూ విప్పి, "ఏం జోగారావూ, ఈ కంటితో ఎలా కనిపిస్తోంది?" అంది.

జోగారావు చటుక్కున అరచేత్తో ఆ కన్ను మూసేసుకున్నాడు.

"ఇంకా వాడలేదమ్మా, కొత్తది కొత్తగానే ఉంది."