శంఖద్వీపంలో పనసపొట్టు కూర

శంఖద్వీపం రాజు చిత్రసేనుడికి మీసాలంటే ప్రాణం. ఒకనాడు ఎవరో పరదేశి మంగలి ఆయన ఎడమ మీసం కాస్త పొట్టిగా కత్తిరించాడు. రాజు అద్దం చూసుకుని ఆ మధ్యాహ్నమే శాసనం వేయించాడు.

"ఇంతకుముందు ఈ దేశంలో పనిచేసినవాడికే ఈ దేశంలో పని."

మరి మొదటి పని ఎక్కడ చెయ్యాలని సభలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అనుమానాలు వచ్చేవాళ్లని రాజు ఎప్పుడో ఇళ్లకు పంపేశాడు.

అలాంటి దేశంలో ఓడ దిగాడు పోలినాయుడు. భీమిలి పక్క మనిషి. వంటలో చెయ్యి, మాటల్లో నోరు రెండూ తిరిగినవాడు. బయల్దేరేటప్పుడు "రాజుగారే కబురంపారు" అని ఊరంతా చాటి మరీ వచ్చాడు. పౌర్ణమిలోగా పని దొరకని పరదేశిని తిరుగు ఓడ ఎక్కించేస్తారని దిగాక తెలిసింది. అతనికి సముద్రం అంటే భయం లేదు. అవతలి ఒడ్డున ఎదురొచ్చే మామగారి మొహం అంటేనే భయం.

రేవు దగ్గర పూటకూళ్లు పెట్టే నూకాలమ్మదీ భీమిలి వైపే.

"ఎక్కడికెళ్లినా ఈ దేశంలో పనిచేశావా అంటారు, అత్తా. ఇస్తేగదా చేసేది" అన్నాడు పోలినాయుడు.

"రాజుగారి వంటశాలకి పోరా. అక్కడ పని ఇవ్వరు గానీ, చేయించుకుంటారు. నేనూ పోయాను. పులుసు పెట్టమన్నాడు వీరభోజుడు, పెట్టాను. బాగుందన్నాడు. ఈ దేశంలో పనిచేశావా అన్నాడు. వచ్చేశాను. ఆ పులుసుకి రాజుగారు ఆయన చేతికి కంకణం తొడిగారు."

వీరభోజుడంటే వంటశాల అధికారి. పెళ్లిలో తలంబ్రాలు పోసినప్పుడు తప్ప ఆయన బియ్యం ముట్టుకోలేదని స్వయంగా ఆయన భార్యే చెబుతుంది. రోజూ పొద్దున పనికోసం వచ్చిన పరదేశుల్ని నిలబెట్టి "మీ నేర్పు చూపించండి" అంటాడు. ఒకడు రుబ్బుతాడు, ఒకడు తరుగుతాడు, ఒకడు వండుతాడు. మధ్యాహ్నానికి అందరినీ మెచ్చుకుని పంపేస్తాడు. వంటశాలలో జీతం పుచ్చుకునే మనిషి ఆయనొక్కడే.

ఆ దేశంలో వండినవాడు రాజు ఎదుట మొదటి ముద్ద తిని చూపించాలి. విషం భయం. ఈ ఆచారం వీరభోజుడికి మహా ఇష్టం. ఒక్క ముద్దతో ఆగిన రోజు లేదు.

పౌర్ణమి నాడు పోలినాయుడి వంతు వచ్చింది. లేత పనసకాయ కొట్టి పొట్టు ఉడికించి పోపు పెట్టాడు. దించాక, ఇంటినుంచి పంచె చెంగున కట్టుకొచ్చిన ఆవాలు ముద్దగా నూరి కలిపాడు. శంఖద్వీపంలో ఆవాలు దిష్టి తియ్యడానికే వాడతారు, నోట్లో పెట్టుకోరు. ఎవరైనా చూసుంటే ఆపేవారే. చూడాల్సిన వీరభోజుడు నిద్రపోతున్నాడు. పరీక్షలు పెట్టేవాళ్లకి అలసట ఎక్కువ.

లేచి వచ్చి, "వాసన అమోఘం. ఈ దేశంలో ఎక్కడైనా పనిచేశావా?" అన్నాడు.

"ఇప్పుడే చేశాను కదండీ."

"ఇది పని కాదయ్యా, పరీక్ష. ఎక్కడైనా పని దొరికాక రా, పని ఇస్తాను."

"చిత్తం. గిన్నె కాలిపోతోందండీ, రాజుగారి ముందు దించేసి పోతాను."

గిన్నె మొయ్యడమనేది వీరభోజుడి వంశంలో లేదు. సరేనన్నాడు.

రాజు ఎదుట వీరభోజుడు పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆవఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది. కళ్లవెంట నీళ్లు కారాయి.

"ఏమిటా ఏడుపు?" అన్నాడు రాజు.

"తమమీద భక్తి ప్రభూ."

రాజు తిన్నాడు. ఆయన కళ్లూ చెమర్చాయి గానీ, మళ్లీ వడ్డించమన్నాడు. "ఇది ఎవరి వంట?"

"ఇంకెవరిది ప్రభూ, ఈ చేతులదే."

రాజు మెడలో హారం తియ్యబోయాడు. పోలినాయుడు గిన్నె పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మహారాజా, అధికారిగారు వండిన కూర గురించి నాకు బెంగ లేదు. ఈ పూట నేను వండిన కూరలో మాత్రం ఒకటి కలిపాను."

రాజు చెయ్యి హారం మీదే ఆగిపోయింది. "ఏం కలిపావు?"

"తమరు తిన్నది ఆయన వండినదట కదండీ. నా కూరతో తమకేం పని?"

భటుడి ఈటె పోలినాయుడి గొంతుకి ఆనింది. అతను వీరభోజుడి మీంచి చూపు తిప్పలేదు. వీరభోజుడి నడినెత్తి ఇంకా మండుతూనే ఉంది. ఆ మంటకి ఇప్పుడు అర్థం తెలిసినట్టయింది. రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూలబడ్డాడు.

"వైద్యుణ్ణి పిలవండి ప్రభూ. ఇది వీడే వండాడు."

"నీ చేతులన్నావు?"

"నా చేతులు నిద్రపోయాయి ప్రభూ. పొయ్యి రాజేసిందీ వీడే, కూర దించిందీ వీడే, నా పిల్లలమీద ఒట్టు. మొన్నటి పులుసు కూడా నాది కాదు. ముందు వైద్యుణ్ణి పిలవండి."

పోలినాయుడు ఈటెను వేలితో మెల్లిగా పక్కకు జరిపాడు.

"కలిపింది ఆవాలండి మహారాజా. మా వైపు పెళ్లిళ్లలో ఇది లేకపోతే మగపెళ్లివారు అలుగుతారు. ఇక నేను ఈ దేశంలో పనిచేశానని తమ అధికారిగారే ఒట్టేసి చెప్పారు. పని ఇప్పించండి."

రాజు పోలినాయుణ్ణి చూశాడు. కూలబడ్డ వీరభోజుణ్ణి చూశాడు. ముందు ఇంకో ముద్ద తిన్నాడు.

"ఈ పూటనుంచి వంటశాల నీది. మరి వీరభోజుణ్ణి ఏ పనిలో పెట్టమంటావు?"

పోలినాయుడు ఎంతో వినయంగా ఆలోచించాడు.

"శాసనం ఒప్పుకోదు మహారాజా. ఆయన ఇంతవరకూ ఈ దేశంలో పని చెయ్యలేదు."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూ తినాల్సిన కూర కాదది, నేరుగా ముక్కుకెక్కింది. సభంతా నవ్వుతుండగా, ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూనే హారం తీసి పోలినాయుడి మెడలో వేశాడు.