కాగితంలో బోరు

మా ఇంట్లో తెలివికి ఎప్పుడూ కరువు లేదు. కరువంతా నిమ్మతోటకే. ఇంకో వారం నీళ్ళు లేకపోతే చెట్లన్నీ పొయ్యిలోకే. అందుకే బోరు వేయించాం. గొట్టాలు దించేముందు, ఏ లోతులో నీళ్ళున్నాయో చూడ్డానికి నేల పొరలు చదివే నీలవేణి మేడం జీపులో వచ్చింది.

"బోరులోకి కరెంటు కడ్డీ దించుతాను. కాసేపు చుట్టుపక్కల కరెంటువన్నీ ఆపండి, కొలత తప్పుతుంది," అంది.

అంతే. మోటార్లు ఆపాం. ఫ్యాన్లు ఆపాం. గోడ గడియారంలో బ్యాటరీ తీశాం. నాయనమ్మ చెవి మిషను పీకేశాం. "ఎవరు పోయార్రా, ఊరంతా ఇలా మూగబోయింది?" అని ఆవిడ ఏడుపు అందుకుంది.

కడ్డీ దిగింది. "బంకమట్టి కరెంటుని సులువుగా పోనిస్తుంది. మంచినీళ్ళున్న ఇసుక అంత సులువుగా పోనివ్వదు. ఆ తేడానే మిషను గీతగా గీస్తుంది," అని మేడం చెబుతుంటే సూరన్న బాబాయి మాయమయ్యాడు. చూస్తే, ఇంట్లో ఫ్యాను తీగ పీకేసి, స్విచ్చు దగ్గర్నుంచి ఫ్యాను దాకా బంకమట్టి మెత్తుతున్నాడు.

"తీగనైతే ఎలుకలు కొరుకుతాయి వదినా, మట్టినేం కొరుకుతాయి?"

ఫ్యాను తిరగలేదు గానీ, మట్టి పప్పులో పడింది.

మేడం పొడవాటి కాగితం నాన్న చేతికిచ్చింది. "ఈ కాగితమే మీ బోరు అనుకోండి. అరవై మీటర్ల దగ్గర గీత కుడికి జరిగింది చూశారా, అది నీళ్ళున్న ఇసుక పొర. సరిగ్గా అక్కడ కన్నాల గొట్టం పెట్టండి. తోట బతుకుతుంది." జీపు వెళ్ళిపోయింది.

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ కూర్చుని అనుకున్నాం. గట్టిగా అనుకున్నాం. కాగితం బోరైపోయింది.

"మరి బయట ఆ గుంతెందుకు? దూడ పడుద్ది," అంది అమ్మ. నిజమే కదా. పూడ్చేశాం.

కన్నాల గొట్టం తెచ్చి కాగితం మీద గీత జరిగిన చోట నిలబెట్టాం. వంతులేసుకుని రెండ్రోజులు పట్టుకున్నాం. అందరికంటే గట్టిగా పట్టుకున్నది నేనే.

మూడోనాడు వాన దంచికొట్టింది. తోటంతా నీళ్ళు.

"మేడం మాట పొల్లుపోలేదు," అన్నాడు నాన్న.

"పైనుంచి పడుతున్నాయి కదా నాన్నా," అన్నాను.

"పెద్ద బోరు. నీళ్ళు ఎగిరి పడుతున్నాయి," అన్నాడు బాబాయి. అదీ నిజమే అనిపించింది.

వాన వెలిశాక మేనమామ దగ్గర్నుంచి కబురు. వాళ్ళ ఊళ్ళో చినుకు లేదట, తోట ఎండుతోందట. పాపం, ఒక వారం వాడుకోనీ అని నాన్న బోరుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

అమ్మ గిన్నె పట్టుకుని వెనకే నడిచింది, దారిలో కారితే నీళ్ళు వృథా అవుతాయని.