కుముదిని కోసం పొదిగిన మొసలి గుడ్డు

అనగనగా ఒక రాజు. ఆయన మీసాల మీద ఇటు ఇద్దరు, అటు ఇద్దరు భటులు నిలబడి కాపలా కాసేవాళ్ళంటే చూసుకోండి. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు విజయపాలుడు పెళ్ళాడవలసిన కుముదినిని ధూమకేశి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల, మబ్బులు దాటిన మేడలో పెట్టాడు.

అన్నదమ్ములు ముగ్గురూ ఏడు సముద్రాలూ ఈదారు. ఒడ్డున ఒక ముసలి మొసలి ఏడుస్తోంది. దాని మూడు గుడ్లకు మాంత్రికుడు తన ప్రాణం కట్టాడట. ఏ గుడ్డులోంచి పిల్ల బతికి బయటికొచ్చినా వాడు చస్తాడు. గుడ్డు పగలగొడితే మాత్రం మేడ కూలి కుముదిని పోతుంది. తల్లి గుడ్లున్న ఇసుక తొక్కకుండా మంత్రం కూడా వేశాడు.

పెద్దవాడు ఒక గుడ్డును కోడిపెట్ట కింద పెట్టాడు. పెట్ట అలవాటు కొద్దీ రోజూ దాన్ని ముక్కుతో దొర్లించింది. గుడ్డు మురిగింది. రెండోవాడు ఇంకోటి పొయ్యి పక్కన పెట్టి, పెట్ట చేసే పని తనే చేశాడు, పూటపూటా తిప్పాడు. అదీ మురిగింది. ఆ కంపుకు మాంత్రికుడి ముక్కు ఊడిపడితే లక్కతో అతికించుకున్నాడు. అన్నలు విసుగెత్తి ఇంటికి ఈదేశారు.

చిన్నవాడు వెళ్ళి మొసలినే అడిగాడు.

"ఇది కోడిగుడ్డు కాదు నాయనా," అంది మొసలి. "ఎలా పడిందో అలాగే ఉండాలి. తిప్పావంటే లోపల పిల్ల ఊపిరాడక పోతుంది."

అతను మూడో గుడ్డును కదపనే లేదు. ఎండ మండితే పైన తడి ఇసుక పోశాడు, చలి వేస్తే వేడి ఇసుక కప్పాడు. ఏనుగంతేసి ఉడుములు గుడ్డు కోసం వస్తే తరిమాడు. మేడ కిటికీలోంచి కుముదిని రోజుకోసారి చెయ్యి చాపేది. కింద నుంచి అది ఆవగింజంత కనిపించేది. ఆ ఆవగింజను చూసుకుని అతను ఒక రోజు బతికేవాడు. చేతులు ఇసుకలో, ప్రాణం మేడ మీద.

ఎనభయ్యో రోజు మాంత్రికుడు వచ్చాడు. "ఏం పెట్టమ్మా, ఇంకా పొదుగుతున్నావా? మేడ తలుపు తీస్తాను, ఒక్క పూట ఆమె పక్కన కూర్చుని రా."

విజయపాలుడు లేచాడు. రెండడుగులు వేశాడు. ఉడుములు నాలుకలు చాచాయి. అప్పుడు పైనుంచి దారప్పోగంత సన్నగా కుముదిని గొంతు వినిపించింది.

"వస్తే నన్ను చూస్తావు. రాకపోతే నన్ను తీసుకెళ్తావు."

తిరిగొచ్చి కూర్చున్నాడు. అతను ఏడ్చిన ఏడుపుకు ఎనిమిదో సముద్రం పుట్టింది.

తొంభయ్యో రోజు ఇసుకలోంచి కుయ్ కుయ్ మని పిలుపు. తవ్వేసరికి జానెడు పిల్ల బయటికొచ్చి అతని వేలు కొరికింది. మాంత్రికుడు పొగై పోయాడు. మంత్రం వీడిన తల్లి పరుగున వచ్చి పిల్లను నోట్లో పెట్టుకుని నీళ్ళకు తీసుకుపోయింది.

మేడ తలుపు తెరుచుకుంది. కానీ దానికి లక్ష మెట్లు. ఆమె దిగేదాకా ఆగలేక అతను ఎక్కసాగాడు. యాభైవేలవ మెట్టు మీద ఎదురుపడ్డారు.

"ఒళ్ళంతా ఇసుకే," అంది కుముదిని, అతని భుజం దులుపుతూ. దులిపిన చెయ్యి మళ్ళీ తీయలేదు.

మొసలి వీపెక్కి ఇంటికొచ్చి పెళ్ళి చేసుకున్నారు. వెయ్యేళ్ళు రాజ్యమేలారు. ఎవరైనా తొమ్మిది వందలే అంటే నమ్మకండి.