ప్రమిద ముక్క

ఎవరో ముసలాయన దగ్గుకు కాచిన ఘాటు కషాయం పసిబిడ్డ నోట్లో పడబోయింది. తల్లి మాబున్నీ ముందుగా వాసన చూసింది కాబట్టి సరిపోయింది. ఆ సంగతి విని యూనుస్ హడలిపోయాడు.

కొండ కింద సూఫీ గురువు మస్కీన్ బాబా ఆశ్రమంలో రోగులకు ఉచితంగా మందు కాచి ఇస్తారు. పొద్దున ముంత ఇచ్చి, అంకె వేసిన చెక్కబిళ్ళ పట్టుకెళ్ళాలి. అదే అంకె ముంత మీద సుద్దతో రాస్తారు. సాయంత్రం బిళ్ళ చూపిస్తే మందు చేతికొస్తుంది. తూర్పు వాకిట్లో యూనుస్, పడమటి వాకిట్లో ఖలీల్, ఇద్దరూ బాబా శిష్యులే. ఇద్దరూ ఒకటి నుంచే మొదలుపెట్టారు. ఇంకేముంది, ఒకే అంకెతో రెండేసి ముంతలు!

మర్నాడు యూనుస్ ఒక కట్టడి పెట్టాడు. అంకె తనే చెప్పాలి. రోగి వచ్చినప్పుడల్లా ఖలీల్ పరుగెత్తుకొచ్చి అడగాలి.

"అన్నా, తర్వాతదెంత?" అంటూ వాడు రొప్పుతూ వస్తుంటే యూనుస్‌కి లోలోపల కాస్త గర్వంగానే ఉంది. మనిషి కదా!

ఎండ ముదిరింది. పడమటి వాకిట్లో వరస కదల్లేదు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని నిలబడి నిలబడి మాబున్నీ అక్కడే కూలబడింది.

బాబా లోపల్నుంచి వచ్చి ఆమెకు నీళ్ళు తాగించాడు. గోడవార పడున్న పాత ప్రమిదొకటి తీసి రాతికేసి కొట్టాడు. ఒక ముక్క ఆమె చేతిలో పెట్టాడు, రెండోది ముంత మెడకు కట్టించి లోపలికి పంపాడు. తర్వాతి రోగికి ఇంకో ప్రమిద పగిలింది.

యూనుస్ పరుగున వచ్చాడు. "నన్ను అడక్కుండా ఇచ్చేస్తున్నారేంటి బాబా! ఒకరి ముక్క ఇంకొకరిదానికి అతికితేనో?"

బాబా వేర్వేరు ప్రమిదల ముక్కలు రెండు వాడి చేతిలో పెట్టాడు. "అతికించు."

యూనుస్ తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు. అంచులు కలవలేదు. ఒకటి పగిలినట్టు ఇంకోటి పగల్లేదు.

సాయంత్రం మాబున్నీ ముక్క తన ముంత దగ్గర ఇట్టే అతుక్కుంది. మందు తాగిన బిడ్డకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. "మీ చేతులు చల్లగుండాల నాయనా" అని ఆమె శిష్యులిద్దర్నీ దీవించింది. అందులో తన వాటా ఎంతో యూనుస్‌కి తెలుసు. బాబా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"నా కళ్ళు తెరిపించారు బాబా. అందరూ నన్నే అడగాలనుకున్నా."

బాబా నవ్వాడు.

"పగిలేటప్పుడు ప్రమిద ఎవర్ని అడిగింది బేటా?"