మిరపనారుకి సర్వర్ కాపలా

పెదకంచర్లలో తెలివి ఎక్కడుందని అడిగితే కోటిలింగం తన తల చూపించేవాడు. తమ్ముడు పేరిబాబు కూడా అన్న తలే చూపించేవాడు. అంత ఐకమత్యం.

వాళ్ళ మేనత్త తాయారమ్మకి మిరపనారు నర్సరీ ఉంది. రైతులు ఇంటర్నెట్లో ఆర్డరు పెడితే ఆవిడ నారిస్తుంది. ఆ ఆర్డర్లు అందుకునే కంప్యూటరు, అదే సర్వర్ పెట్టె, నర్సరీ గదిలో ఉంటుంది. దాని బాగోగులు మేనల్లుళ్ళవి, ఆవిడ ఖర్మ. సరిగ్గా వానలు పడే వేళకి ఆర్డర్లు ఆగిపోయాయి. నారేమో ముదిరిపోతోంది. ఈ నాలుగు రోజుల్లో అమ్ముడుపోకపోతే అంతా పెంటకుప్ప పాలే.

ఆ పెట్టె బిగించిన ఇంజనీరు ఫోన్లో ఓపిగ్గా చెప్పాడు. సర్వర్‌కి ఫైర్‌వాల్ అని కాపలా ఉంటుంది, దానికి పోర్టులని నంబర్లేసిన గుమ్మాలుంటాయి, ఆర్డర్లొచ్చే గుమ్మం ఒక్కటి తెరిచి అక్కర్లేనివి మూసెయ్యమన్నాడు. అన్నదమ్ములు ఇంట్లో మంచమ్మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌లోంచి ముందు అన్నీ మూసేశారు. అంతే, వీళ్ళు లోపలికెళ్ళే గుమ్మం కూడా మూసుకుపోయింది. ఇంకేముంది, నర్సరీకి పరిగెత్తారు.

చేరేసరికి దీపాలవేళ అయింది. ఆ వేళ గుమ్మాలు మూసుంటే లక్ష్మీదేవి వెనక్కి పోదూ? ఆవిడ ఏ నంబరులోంచి వస్తుందో మనకేం తెలుసన్నాడు పేరిబాబు. నిజమేననిపించింది అన్నకి. ఉన్న గుమ్మాలన్నీ బార్లా తెరిచి, పెట్టెకి దణ్ణం పెట్టి, ఇంటికెళ్ళి పడుకున్నారు.

తెల్లారేసరికి లక్ష్మి రాలేదు, దొంగలొచ్చారు. నర్సరీ వెబ్‌సైట్లో మిరపనారు బొమ్మలున్న చోట ఎవరివో చేతిగడియారాలు అమ్మకానికున్నాయి. ఇంజనీరు తల బాదుకుని, ముందు వైరు పీకెయ్యండి, నేనొచ్చేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వొద్దు అన్నాడు.

అంతే. వైరు పీకి, చెరో కర్రా పట్టుకుని నర్సరీ గేటు దగ్గర నిలబడ్డారు. ఆర్డరు పెట్టలేక విసిగిపోయిన రైతులు ట్రాక్టర్లేసుకుని నేరుగా వచ్చేశారు. కోటిలింగం కర్ర అడ్డం పెట్టి, ఇంటర్నెట్లో ఆర్డరు పెట్టి రమ్మన్నాడు.

"అది పనిచెయ్యట్లేదయ్యా" అన్నాడో రైతు.

"ఎలా చేస్తుంది? వైరు మేమేగా పీకాం."

ట్రాక్టర్లన్నీ పక్క నర్సరీకి మళ్ళాయి. కబురు విని తాయారమ్మ రొప్పుతూ వచ్చింది. నా నారురా, నా కష్టంరా, గేటు తియ్యండ్రా అని ఏడ్చింది. ఎవర్నీ అంటే ఎవర్నీనే అన్నారు. పాపం, ఆ వయసులో ఆవిడ కంచె దూకింది. ఇంకేముంది, ఇద్దరూ పట్టుకుని, నారు కట్టలు కట్టే పురికొసతో గుంజకి కట్టేశారు.

అప్పుడు పేరిబాబు ఇంజనీరుకి ఫోన్ చేశాడు. "దొంగ దొరికిందండీ. మా మేనత్తే. నారంతా అమ్మేద్దామనే వచ్చానని తనే ఒప్పేసుకుంది."